వికేంద్రీకృత సామాజిక మాధ్యమాలు: బలహీనులకు రక్షణ ఎవరి చేతిలో?

2019 అక్టోబరు చివరి రోజుల్లో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేసింది. ఆయన తన ఖాతా ముఖచిత్రంగా 1936లో జర్మనీలో తీసిన ఒక ఛాయాచిత్రాన్ని పెట్టుకున్నారు. చుట్టూ ఉన్నవారంతా నాజీ పద్ధతిలో చెయ్యి చాచి వందనం చేస్తుంటే, ఒక్క కార్మికుడు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డ చిత్రం అది. నాజీలను ధిక్కరించిన చిత్రమే ద్వేషాన్ని రెచ్చగొట్టే చిత్రంగా లెక్కకు రావడం వివాదమైంది. ఆ రోజుల్లోనే మరో ఫిర్యాదు కూడా గట్టిగా వినిపించింది. ఖాతా అసలైనదేనని తెలిపే నీలి గుర్తును ఇవ్వడంలో దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల రచయితలపై వివక్ష చూపుతున్నారన్నది ఆ ఫిర్యాదు. ట్విట్టర్ దాన్ని తోసిపుచ్చింది. ఈ రెండు సంఘటనలతో విసిగిన చాలామంది భారతీయులు నవంబరులో మాస్టోడాన్ అనే కొత్త చోటికి వెళ్ళారు. అక్కడ యజమాని అంటూ ఒక్కరు ఉండరని, ఎవరికి నచ్చిన నియమాలతో వారు సొంత వేదిక నడుపుకోవచ్చని విన్నారు.

వెళ్ళినవారిలో ఎక్కువమంది కొద్దికాలానికే ఆ చోటును విడిచిపెట్టారు. కానీ ఆ వలస లేవనెత్తిన ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. అధికారం ఒకే సంస్థ చేతిలో లేనంత మాత్రాన, కులం వల్లనో, జాతి వల్లనో, లింగభేదం వల్లనో దూషణకు గురయ్యేవారికి రక్షణ దొరుకుతుందా? గత కొన్నేళ్ల అనుభవం దీనికి సూటిగా అవుననీ, కాదనీ చెప్పదు. ఆ అనుభవం అర్థం కావాలంటే ముందు ఈ నెట్‌వర్కులు పనిచేసే తీరు తెలియాలి.

వికేంద్రీకరణ అంటే ఏమిటి?

ఈ-మెయిల్‌ను తీసుకుంటే విషయం తేలికగా బోధపడుతుంది. ఒకరికి జీమెయిల్ ఖాతా ఉండవచ్చు, మరొకరికి వారి విశ్వవిద్యాలయం ఇచ్చిన ఖాతా ఉండవచ్చు. అయినా ఇద్దరి మధ్య ఉత్తరాలు నడుస్తాయి. ఉత్తరం ఎలా పంపాలి, ఎలా అందుకోవాలి అన్న నియమావళిని రెండు సర్వర్లూ పాటించడమే దీనికి కారణం. ఇలాంటి నియమావళినే ప్రొటోకాల్ అంటారు.

ఫేస్‌బుక్, ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్) వంటివి ఇలా పనిచేయవు. వాటిలో అన్ని ఖాతాలూ ఒకే సంస్థ సర్వర్లలో ఉంటాయి. నియమాలు రాసేదీ, అమలు చేసేదీ ఆ సంస్థే. మాస్టోడాన్ అలా కాదు. జర్మనీకి చెందిన యూజెన్ రోష్కో 2016లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ సర్వర్‌లో నడపవచ్చు. ఒక సర్వర్‌లోని సభ్యులు మరో సర్వర్‌లోని వారిని అనుసరించవచ్చు, వారికి బదులు రాయవచ్చు. ఈ సర్వర్లు పరస్పరం మాట్లాడుకునే భాష పేరు యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యు3సి సంస్థ 2018 జనవరిలో దీన్ని అధికారిక ప్రమాణంగా ఆమోదించింది. ఈ భాష తెలిసిన సర్వర్లన్నీ కలిసిన లోకాన్ని ఫెడివర్స్ అని పిలుస్తున్నారు.

ఇక్కడ ప్రతి సర్వర్‌కూ ఒక నిర్వాహకుడో నిర్వాహకురాలో ఉంటారు. ఏ మాట నడుస్తుంది, ఏది నడవదు, ఎవరిని బయటికి పంపాలి అన్నది వారి నిర్ణయం. కాబట్టి వికేంద్రీకరణతో అధికారం మాయం కాలేదు. ఒక పెద్ద చేతిలోంచి వేల చిన్న చేతుల్లోకి మారిందంతే.

ఒక పోస్టు ప్రయాణం

ఒక యువతి తన సర్వర్‌లో అందరికీ కనిపించేలా ఒక పోస్టు రాసిందనుకుందాం. ఆమెను అనుసరించేవారు ఇరవై వేర్వేరు సర్వర్లలో ఉంటే, ఆ పోస్టు నకలు ఆ ఇరవై సర్వర్లకూ చేరుతుంది. తరవాత ఆమె దాన్ని తొలగిస్తే ఆమె సర్వర్ మిగతావాటికి 'దీన్ని తీసేయండి' అని కబురు పంపుతుంది. అది విన్నపమే గానీ ఆజ్ఞ కాదు. నియమం పాటించే సర్వర్లు తీసేస్తాయి. పాటించని సర్వర్‌లో నకలు అలాగే ఉండిపోతుంది.

ఎవరినైనా బ్లాక్ చేసినప్పుడూ ఇదే చిక్కు. వేధిస్తున్న వ్యక్తి వేరే సర్వర్‌లో ఉంటే, ఆమె పోస్టులు అతనికి కనబడకుండా దాచే పనిలో కొంత అతని సర్వర్ మీద ఆధారపడి ఉంది. ఆ సర్వర్ నిర్వాహకులే వేధింపులను ప్రోత్సహించే రకమైతే, కంచే చేను మేసినట్టు అవుతుంది. పైగా పోస్టు బహిరంగమైనది కనుక, అతను ఏ ఖాతాలోకీ వెళ్ళకుండా మామూలు బ్రౌజర్‌లో తెరిచి చదువుకోవచ్చు.

దీనికి కొంత విరుగుడు ఉంది. పోస్టు కావాలని అడిగే ప్రతి సర్వర్ తానెవరో నిరూపించే డిజిటల్ సంతకాన్ని చూపాలని షరతు పెట్టవచ్చు. అప్పుడు నిషేధించిన సర్వర్ అడిగితే ఇవ్వకుండా ఆపవచ్చు. మాస్టోడాన్‌లో ఈ సదుపాయం ఉంది గానీ మొదటినుంచీ అమల్లో ఉండదు, నిర్వాహకులే ప్రత్యేకంగా ఆన్ చేసుకోవాలి. ప్రతి సంతకాన్నీ సరిచూడటం వల్ల సర్వర్ మీద భారం పెరుగుతుంది, కొన్ని పాత సాఫ్ట్‌వేర్‌లతో పొసగదు.

మరో సంగతి చాలామందికి తెలియదు. మాస్టోడాన్‌లో ఒకరికొకరు పంపుకునే ప్రైవేటు సందేశాలకు, పంపినవారు, అందుకున్నవారు మాత్రమే చదవగలిగే రహస్య సంకేతీకరణ లేదు. తలుచుకుంటే రెండు వైపుల సర్వర్ల నిర్వాహకులూ వాటిని చూడగలరు. ఇంట్లోవారికి తెలియకుండా సహాయం కోరే ట్రాన్స్‌జెండర్ యువతకు గానీ, కులాంతర వివాహం చేసుకుని తలదాచుకున్న జంటకు గానీ ఇది ప్రాణానికి సంబంధించిన విషయం కావచ్చు.

మేలు జరిగిన చోట

ఇన్ని లోపాలున్నా ఫెడివర్స్ తొలినాళ్ల నివాసుల్లో స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు. పెద్ద వేదికల్లో గుంపులుగా వచ్చి దాడిచేసే అలవాటుకు వారు బాగా నలిగిపోయారు. అందుకే ఇక్కడి రూపకల్పనలో దాడులను కష్టతరం చేసే ఆలోచనలు చోటు చేసుకున్నాయి. మనసు కలచివేసే విషయం రాస్తే ముందు ఒక హెచ్చరిక మాత్రమే కనబడేలా పెట్టే వీలు కల్పించారు. పోస్టుల్లోని ప్రతి మాటనూ వెతికి మనుషులను పట్టుకునే శోధనను చాలాకాలం ఇవ్వలేదు. 2023లో ఇచ్చినప్పుడు కూడా, తమ పోస్టులు వెతుకులాటలో కనబడాలా వద్దా అన్నది సభ్యుల ఇష్టానికే వదిలారు.

అసలు పేరు చెప్పనక్కర లేకపోవడం మరో మేలు. 2014లో ఫేస్‌బుక్ అసలు పేర్ల నియమాన్ని కఠినంగా అమలుచేసి అమెరికాలో ఎందరో కళాకారుల ఖాతాలు మూసివేసింది. నిరసన రావడంతో ఆ ఏడాది అక్టోబరులో క్షమాపణ చెప్పింది. తెలుగువారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర లేదు. ఇంటిపేరు వినగానే కులం ఆరా తీసే సమాజంలో, కలం పేరు వెనక ఉండగలగడం కొందరికి విలాసం కాదు, అవసరం.

సర్వర్లను మూకుమ్మడిగా దూరం పెట్టే శక్తి కూడా ఒకసారి గట్టిగా రుజువైంది. జాతి విద్వేషానికి పేరుపడ్డ గ్యాబ్ అనే అమెరికన్ వేదిక 2019 జులైలో మాస్టోడాన్ సాఫ్ట్‌వేర్‌కు మారింది. ఆ సాఫ్ట్‌వేర్ ఎవరైనా వాడుకోగలిగేది కాబట్టి దాన్ని ఆపే దారి లేదు. కానీ ఎన్నో సర్వర్లు ఎవరికి వారే గ్యాబ్‌తో సంబంధం తెంచుకున్నాయి. కొన్ని మొబైల్ యాప్‌లు కూడా దాన్ని తెరవకుండా అడ్డుకున్నాయి. కేంద్రం నుంచి ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే ఆ వేదిక ఒంటరిదైంది.

రక్షణ కొందరికే పరిమితమైన చోట

గ్యాబ్‌ను ఆపిన నెట్‌వర్కే తనలోని నల్లజాతి సభ్యులను కాపాడలేకపోయింది. ప్లేవిషస్ అన్నది నల్లజాతీయుల నాయకత్వంలో నడిచిన మాస్టోడాన్ సర్వర్. ఇతర సర్వర్ల నుంచి వచ్చిన వేధింపులతో అలసిపోయి 2020లో అది మూతపడింది. అక్కడి సభ్యులపై దాడి చేసినవారంతా గ్యాబ్ లాంటి బహిరంగ విద్వేష సర్వర్లవారే కాదు. మర్యాదస్తుల సర్వర్లుగా పేరున్నచోట్ల నుంచి కూడా ఎత్తిపొడుపులు, అనుమానాలు వచ్చాయి. అలాంటి సర్వర్లను బ్లాక్ చేస్తే మిత్రులతో మాటలు కూడా తెగిపోతాయి. చేయకపోతే వేధింపు ఆగదు.

2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ట్విట్టర్‌ను కొన్నాక లక్షలాదిమంది మాస్టోడాన్‌కు వచ్చారు. వారిలో నల్లజాతి అమెరికన్లకు ఒక వింత అనుభవం ఎదురైంది. తమ రోజువారీ జీవితంలో ఎదురైన జాతి వివక్ష గురించి రాస్తే, 'ఇది మాకు ఇబ్బందిగా ఉంది, ముందు హెచ్చరిక పెట్టండి' అని పాత సభ్యులు సలహా ఇచ్చారు. గాయపడినవారికి ఊరటనివ్వడానికి పుట్టిన హెచ్చరిక, ఇక్కడ గాయం గురించి చెప్పేవారి నోటికి అడ్డమైంది. నెట్‌వర్క్ సంప్రదాయాలు ఎవరి అలవాట్ల మీద నిర్మించారో వారికే అవి సహజంగా కనిపిస్తాయని అమెరికన్ తత్వశాస్త్ర ఆచార్యుడు జొనాథన్ ఫ్లవర్స్ వాదించారు.

ఇతరుల పోస్టును తమ వ్యాఖ్యతో కలిపి పంచుకునే సదుపాయం కథ కూడా ఇలాంటిదే. ఒకరిని వేలెత్తి చూపి గుంపును ఉసిగొల్పడానికి అది పనికొస్తుందని రోష్కో దాన్ని కావాలనే పక్కన పెట్టారు. నల్లజాతి సభ్యులకు మాత్రం అది ఒకరి మాటకు మరొకరు వంతపాడుతూ, చమత్కరిస్తూ సంభాషణ సాగించే పద్ధతి. ఒకే సాధనం ఒకరికి ఆయుధం, మరొకరికి గొంతు. చివరికి 2025లో మాస్టోడాన్ దాన్ని తీసుకొచ్చింది. అయితే తన పోస్టును ఎవరు అలా పంచుకోవచ్చో నిర్ణయించే హక్కు రాసినవారికే ఇచ్చింది. మొదటినుంచీ ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి అడిగి ఉంటే ఈ మధ్యేమార్గం ఎంతో ముందే దొరికేదేమో.

భారతదేశానికి తెలిసిన పాఠం

అధికారం స్థానికంగా ఉంటే చాలు, న్యాయం దానంతటదే వస్తుందన్న నమ్మకాన్ని భారత రాజ్యాంగసభ ఏనాడో చర్చించింది. గ్రామమే పాలనకు పునాది కావాలని కొందరు సభ్యులు కోరారు. 1948 నవంబరు 4న ముసాయిదా రాజ్యాంగాన్ని ప్రవేశపెడుతూ డాక్టర్ అంబేడ్కర్ దానితో విభేదించారు. గ్రామం సంకుచితత్వానికి, మతతత్వానికి నెలవని, అందుకే ముసాయిదా గ్రామాన్ని కాక వ్యక్తిని ప్రమాణంగా తీసుకుందని చెప్పారు. ఊరి పెద్దల చేతిలో అధికారం పెడితే వాడలో ఉన్నవారి గతి ఏమిటన్నది ఆయన అనుభవం నుంచి వచ్చిన ప్రశ్న.

తరవాత 1992లో పార్లమెంటు ఆమోదించిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అధికారం ఇచ్చింది. కానీ ఉత్తచేతులతో ఇవ్వలేదు. జనాభా నిష్పత్తిలో షెడ్యూల్డు కులాలకు, తెగలకు, కనీసం మూడింట ఒక వంతు మహిళలకు స్థానాలు కేటాయించాలని 243డి అధికరణంలో రాసింది. సర్పంచ్ పదవులకూ రిజర్వేషన్ వర్తింపజేసింది. అధికారాన్ని పంచడంతోపాటు, అది ఎవరెవరికి అందాలో కూడా చట్టమే చెప్పింది.

యాక్టివిటీపబ్‌లో 243డి లాంటిదేదీ లేదు. ప్రొటోకాల్ సందేశం ఎలా వెళ్ళాలో చెబుతుంది. నిర్ణయం తీసుకునే కుర్చీలో ఎవరు కూర్చోవాలో చెప్పదు. సర్వర్ నడపడానికి నెలనెలా అద్దె, సాంకేతిక నైపుణ్యం, తీరిక కావాలి. ఆ మూడూ ఉన్నవారే నిర్వాహకులవుతారు. బయటి సమాజంలోని ఎగుడుదిగుళ్లే లోపలికీ వస్తాయి.

మరో నమూనా: ముద్రవేసే హక్కు

2019లో ట్విట్టర్ లోపలే మొదలై, తరవాత విడిపోయిన బ్లూస్కై మరో దారి పట్టింది. దాని ఏటీ ప్రొటోకాల్‌లో పనులు విడివిడిగా ఉంటాయి. ఖాతా సమాచారం దాచేది ఒక సేవ, పోస్టుల ప్రవాహాన్ని సేకరించి అందించేది మరొకటి, ఏది చూపాలో ఎంచేది ఇంకొకటి. 2023 జులైలో జాతి దూషణ పదమే ఖాతా పేరుగా నమోదు కావడంతో బ్లూస్కైపై తీవ్ర విమర్శలు వచ్చాయి. 2024 మార్చిలో ఆ సంస్థ బయటివారికి కూడా మోడరేషన్ సదుపాయాన్ని తెరిచింది. ఎవరైనా పోస్టులను పరిశీలించి 'జాతి దూషణ', 'వేధింపు' వంటి ముద్రలు వేయవచ్చు. ఆ ముద్రలను నమ్మేవారు వాటి ప్రకారం పోస్టులను దాచుకోవచ్చు.

ఈ వీలును బాగా వాడుకున్నది రూడీ ఫ్రేజర్ ప్రారంభించిన బ్లాక్‌స్కై. నల్లజాతి సభ్యుల పోస్టులను ఒకచోట చేర్చే చిన్న ప్రయత్నంగా 2023లో మొదలై, సొంత మోడరేటర్ల బృందాన్ని, ఆపైన ఖాతాలు దాచే సొంత సర్వర్లను కూడా ఏర్పరచుకుంది. నల్లజాతి మహిళలపై దూషణ ఎలా ఉంటుందో ఆ సమూహంలోని వారికే ముందు తెలుస్తుంది కనుక, గుర్తించే పనినీ వారే చేస్తారు. వేరే ఊరు కట్టుకోకుండానే తమ వీధిని తామే కాపలా కాసుకునే పద్ధతి ఇది.

దీనికీ పరిమితులున్నాయి. బ్లూస్కైలో ఎవరు ఎవరిని బ్లాక్ చేశారన్నది బహిరంగ సమాచారం. ప్రతి సేవా ఆ నిర్ణయాన్ని అమలు చేయాలంటే అది అందరికీ తెలియాలి మరి. వేధించేవారికి ఆ జాబితా కూడా ఒక సాధనం కాగలదు. పైగా అత్యధిక ఖాతాలు ఇప్పటికీ ఆ ఒక్క సంస్థ సర్వర్లలోనే ఉన్నాయి.

భాష, శ్రమ, చట్టం

ఏ నమూనాలోనైనా చివరికి ఎవరో ఒక మనిషి కూర్చుని చెడ్డ మాటలను చదవాలి. ఫెడివర్స్‌లో ఈ పని చాలావరకు జీతం లేని సేవ. ఈ మోడరేటర్లకు సాయపడటానికి ఏర్పడిన ఇఫ్టాస్ అనే లాభాపేక్షలేని సంస్థ నిధులు దొరక్క 2025లో తన ముఖ్య సేవలను ఆపేసింది. భద్రతకు ఖర్చవుతుంది. దాన్ని ఎవరూ భరించకపోతే భారం వేధింపులు పడేవారి మీదే పడుతుంది.

తెలుగులో ఈ పని ఇంకా కష్టం. వాడుకలో తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, రెండు భాషలూ కలిపేస్తారు. ఒకే మాటకు పది రకాల వర్ణక్రమం ఉంటుంది. బూతు ఒక్కటీ లేకుండా, ఒక కులం పేరునో కులవృత్తినో సామెతలా వాడి మనిషిని కించపరచవచ్చు. అదే కులం పేరును ఆ కులస్థులే ఆత్మగౌరవంతో రాసుకోవచ్చు. పదాల జాబితాతో వెతికే యంత్రం మొదటిదాన్ని వదిలేసి రెండోదాన్ని పట్టుకుంటుంది. ద్రావిడ భాషల సాంకేతికతపై పనిచేసే పరిశోధకులు 2024లో తెలుగు, ఇంగ్లీషు కలగలిసిన వ్యాఖ్యల్లో ద్వేషాన్ని గుర్తించే ఉమ్మడి పోటీ నిర్వహించారు. అలాంటి దత్తాంశం అవసరమే. కానీ ఏది అవమానమో ముద్రవేసేవారిలో ఆ అవమానం పడ్డ కులాలవారు లేకపోతే యంత్రం నేర్చుకునేది కూడా పక్షపాతమే.

భారత చట్టం కొంత అండ ఇస్తుంది. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం, 1989 ప్రకారం నలుగురి ఎదుట కులం పేరుతో దూషించడం నేరం. ఆన్‌లైన్‌లో చేసిన దూషణకూ ఇది వర్తిస్తుందని కేరళ హైకోర్టు 2022లో స్పష్టం చేసింది. ఐటీ నియమాలు, 2021 ప్రకారం సామాజిక మాధ్యమ వేదిక ఫిర్యాదుల అధికారిని నియమించాలి. అయితే దూషించిన వ్యక్తి ఖాతా విదేశంలో ఎవరో సొంత ఖర్చుతో నడిపే చిన్న సర్వర్‌లో ఉంటే, అతనెవరో రాబట్టడం పోలీసులకు సులువు కాదు.

చేరేముందు చూడవలసినవి

ఒక సర్వర్‌లో చేరాలనుకునేవారు నాలుగు విషయాలు తప్పక పరిశీలించాలి. నియమాల పేజీలో కులం, జాతి, లింగ గుర్తింపు ఆధారంగా దూషణను పేరుపెట్టి నిషేధించారా? మోడరేటర్లు ఎవరు, వారిలో మన భాష తెలిసినవారు ఉన్నారా? ఏయే సర్వర్లతో సంబంధం తెంచుకున్నారో చెబుతున్నారా? సర్వర్ ఖర్చు ఎవరు భరిస్తున్నారు, రేపు అది మూతపడితే ఖాతా పరిస్థితి ఏమిటి? మాస్టోడాన్‌లో ఖాతాను మరో సర్వర్‌కు మార్చుకుంటే అనుచరులు వెంట వస్తారు గానీ, పాత పోస్టులు అక్కడే ఉండిపోతాయి. ఇక రహస్యంగా ఉండవలసిన సంభాషణకు సిగ్నల్ వంటి సంకేతీకరణ ఉన్న యాప్‌ను వాడటమే క్షేమం.

నెట్‌వర్కులు నిర్మించేవారికీ ఒక పాఠం ఉంది. సంతకం అడిగే పద్ధతి, ముద్రలు వేసే పద్ధతి, బ్లాక్ చేసే పద్ధతి అన్నీ తలుపులకు వేసే గడియల్లాంటివి. గడియ ఎంత గట్టిదన్నదానితోపాటు, అది ఎవరి చేతికి అందే ఎత్తులో ఉందన్నదీ ముఖ్యమే. ప్లేవిషస్ సభ్యులకు ఆ గడియ అందలేదు. బ్లాక్‌స్కైలో వారు దాన్ని తామే బిగించుకున్నారు. ఈ రెండింటి మధ్య తేడా సాంకేతికతలో కొంతే ఉంది. మిగతాదంతా నిర్ణయం తీసుకునే చోట ఎవరు కూర్చున్నారన్నదానిలో ఉంది.